కాగితము చదివి గ్రహించుట ఎట్లు?

మన సహకార సంఘములలో చదువు వచ్చిన సభ్యుల సంఖ్య ఏటేట హెచ్చుచున్నది. వేలిముద్రలు తగ్గి సంతకములు పెరుగుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయమే. అయినను కాగితము క్రింద సంతకము చేయుట వేఱు, దాని పైనున్న వ్రాతను గ్రహించుట వేఱు. మొదటిది వచ్చినంతమాత్రమున రెండవది వచ్చినట్లు కాదు.

భారతదేశ జనగణనలో 7 సంవత్సరములు నిండి, ఏదేని యొక భాషలో అర్థము తెలిసి చదువుటకును వ్రాయుటకును శక్తి గలవారినే అక్షరాస్యులుగా లెక్కింతురు. 2011వ సంవత్సరపు జనగణన ప్రకారము నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 67 మంది అక్షరాస్యులు. పై నిర్వచనములోని "అర్థము తెలిసి" యను రెండు మాటలను పాఠకులు గమనింపవలెను. అక్షరములను పలుకుటతో చదువు పూర్తి కాలేదు. చదివినదాని అర్థము తెలిసినపుడే పూర్తియైనది.

రైతునకు నేడు కాగితముతో పని ఎక్కువైనది. విత్తనపు సంచికి కట్టిన చీటీ, ఎరువు బస్తాపై అంకెలు, పురుగుమందు డబ్బాతో వచ్చు కరపత్రము, అప్పు బాండు, పంట బీమా ప్రకటన, సెల్‌ఫోనుకు వచ్చు సందేశము, ఇవన్నియు రైతు చదువవలసినవే. వీనిలో ఒక్క మాటను తప్పుగా గ్రహించినను పంటకో, సొమ్ముకో, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకో ముప్పు వాటిల్లును. మన పిల్లలు పరీక్షలకు పోవుచున్నారు. కొందఱు ఉద్యోగములలో చేరుచున్నారు. వారికిని ఈ విద్యయే కావలెను. కాబట్టి చదివి గ్రహించుటకు అనుసరింపవలసిన పద్ధతిని ఈ వ్యాసమున వివరింపబూనితిమి.

గ్రహింపు అనగా నేమి?

మేము గ్రామములలో ప్రదర్శనలు జరుపునపుడు పురుగుమందు కరపత్రమును ఒక రైతు చేతికిచ్చి బిగ్గరగా చదువుమని కోరుచుందుము. అతడు తడబాటు లేకుండ చదువును. తరువాత కాగితమును మడిచి, "ఎకరమునకు మందెంత? నీరెంత? కోతకు ఎన్ని దినములకు ముందు చల్లుట మానవలెను?" అని అడుగుదుము. తఱచుగా అతడు మరల కాగితము కొఱకు చేయి చాచును. ఇది అతని తెలివితక్కువ కాదు. మన బడులలో పెక్కింట గట్టిగా చదువుటయే చదువని నేర్పిరి. చదివినదానిని సొంత మాటలలో చెప్పుమని అడిగినవారు తక్కువ.

కాబట్టి గ్రహింపునకు పరీక్ష యొక్కటే. కాగితము మూసి, అందలి విషయమును ఇంటిలో మాటలాడుకొను మాటలతో మఱియొకరికి చెప్పగలుగవలెను. కాగితములోని పెద్ద మాటలనే తిరిగి అప్పగించినచో అది జ్ఞాపకము మాత్రమే. పనికి సంబంధించిన కాగితము విషయమున ఈ క్రింది అయిదు ప్రశ్నలకు ఉత్తరము చెప్పగలిగినచో దానిని గ్రహించినట్లే యెంచవచ్చును:

1. ఎవరికి?
2. ఏమి చేయవలెను?
3. ఎంత?
4. ఎప్పటిలోగా?
5. చేయనియెడల ఏమగును?

ఈ ప్రశ్నలను వ్రేళ్లమీద లెక్కించుకొనవచ్చును. అయిదింటిలో దేనికైనను ఉత్తరము దొరకనిచో ఆ కాగితమును ఇంకను చదువలేదని యెఱుగవలెను. మరల చూచినను దొరకనిచో ఆ సంగతి కాగితములో లేదన్నమాట. అప్పుడు దానిని ఇచ్చినవారిని అడుగవలెను.

చిన్న మాటల బలము

కాగితములలో పెద్ద మాటలను చూచి రైతు బెదరును; చిన్న మాటలను చూచి దాటిపోవును. కాని నష్టము కలిగించునవి తఱచుగా చిన్న మాటలే. "మాత్రము", "లోగా", "వఱకు", "తప్ప", "లేదా", "మఱియు", "కనీసము", "గరిష్ఠము", "లేనియెడల" అను మాటలు కనబడినచోట ఆగి, వాని క్రింద గీత గీయుట మంచిది.

మొదటి ఉదాహరణము. కేంద్రప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకములో 3 లక్షల రూపాయల వఱకు గల స్వల్పకాలిక పంట ఋణములకు సాలుకు నూటికి 7 వంతున వడ్డీ యనియు, గడువులోగా తీర్చినవారికి అందులో 3 తగ్గించి 4 వంతున మాత్రమే పడుననియు నిర్ణయించిరి. జనులు "నాలుగు రూపాయల వడ్డీ" యను మాటను మాత్రమే జ్ఞాపకముంచుకొందురు. "గడువులోగా" యను మాట జారిపోవును. లక్ష రూపాయలు సంవత్సరకాలము వాడుకొన్నవానికి ఆ ఒక్క మాట వెల 3,000 రూపాయలు: గడువులో తీర్చినచో వడ్డీ 4,000, తప్పినచో తగ్గింపు లేదు గనుక 7,000.

రెండవ ఉదాహరణము. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నియమములలో, వడగండ్లవలనగాని పొలము నీట మునుగుటవలనగాని ఒక రైతు పొలమునకే నష్టము కలిగినపుడు 72 గంటలలోగా తెలియజేయవలెనని యున్నది. 72 గంటలనగా మూడు దినములు. ఆదివారమైనను, పండుగయైనను ఆ గంటలు నడచుచునే యుండును. "నీరు తీసిన తరువాత చూతము" అని కూర్చున్నవానికి పంట నష్టముతోపాటు బీమా నష్టము కూడ కలుగవచ్చును. ఆ పథకము అమలులోనున్న చోట్ల ప్రీమియము చెల్లించిన ప్రతి సభ్యుడును ఈ "లోగా" యను మాటను గుర్తుంచుకొనవలెను.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. ముగ్గురు కలిసి అప్పు తీసుకొనునపుడును, ఒకరికి మఱియొకరు జామీను ఉండునపుడును, పొదుపు సంఘముల పత్రములలోను, "ఉమ్మడిగాను విడివిడిగాను బాధ్యులము" అను మాటలు సాధారణముగా నుండును. ముగ్గురు కలిసి 3 లక్షలు తెచ్చుకొన్నచో "నా వంతు లక్షయే గదా" యని ప్రతివాడును తలచును. "ఉమ్మడిగాను" అని మాత్రమే చదువుటచేత ఇట్లు తోచును. "విడివిడిగాను" అను మాటకు అర్థము, అప్పిచ్చినవారు ఆ మూడు లక్షలను ముగ్గురిలో ఏ ఒక్కనినుండియైనను పూర్తిగా అడుగవచ్చునని. చెల్లించిన పిదప తక్కినవారి వంతులను వారినుండి రాబట్టుకొనవలసిన భారము అతనిదే. స్నేహము కొఱకు జామీను ఉండవచ్చును. కాని ఎంతకు ఉంటిమో తెలిసి యుండవలెను.

అంకెలను చదువుట

అంకెకు ప్రక్కనున్న కొలతను విడిచి అంకెను మాత్రమే చదివినచో అది చదువు కాదు.

అప్పు పత్రములో "వడ్డీ నూటికి 2" అని యున్నదనుకొందము. అది నెలకా, సాలుకా? మన గ్రామములలో వాడుకగా చెప్పునది నెల వడ్డీ. బ్యాంకులును సంఘములును వ్రాయునది సాలు వడ్డీ. నెలకు నూటికి 2 అనగా సాలుకు నూటికి 24. ఏబది వేల రూపాయలకు సాలుకు 12,000 రూపాయలు వడ్డీ యగును. బ్యాంకువారు "12" అని వ్రాసినపుడు అది పెద్ద అంకెగా కనబడినను, అదే సొమ్మునకు వడ్డీ 6,000 మాత్రమే. రెండును పెద్ద అక్కఱ లేని చిన్న లెక్కలే. అయినను "నెల", "సాలు" అను మాటలు చూడనివాడు తక్కువ వడ్డీని విడిచి ఎక్కువ వడ్డీకి పోవును.

భూమి కొలతలలోను ఇట్టి చిక్కు కలదు. తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు; ఆంధ్రమున ఎకరమునకు 100 సెంట్లు. "2.20" అని తెలంగాణపు పత్రములో నున్నచో రెండెకరముల ఇరువది గుంటలు, అనగా సరిగా రెండున్నర ఎకరములు. అవే అంకెలు ఆంధ్రపు పత్రములో నున్నచో రెండెకరముల ఇరువది సెంట్లు. ఈ రెండింటికి భేదము 30 సెంట్లు. ఎల్లలకు ఇరుప్రక్కల భూములు కొనువారును కౌలునకు తీసుకొనువారును ఈ సంగతిని మఱవరాదు.

ఎరువుల విషయమున పొరపాటు మఱింత తఱచుగా జరుగును. సలహా పత్రములో "ఎకరమునకు 40 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరము" అని యున్నదనుకొందము. 40 కిలోల నత్రజని యనగా 40 కిలోల యూరియా కాదు. యూరియాలో నూటికి 46 వంతులు మాత్రమే నత్రజని. డి.ఏ.పి. బస్తాపై 18-46-0 అని యుండును. మొదటి అంకె నత్రజని, రెండవది భాస్వరము, మూడవది పొటాషు. అన్నియు నూటికి ఇన్ని కిలోలని చెప్పునవే. 50 కిలోల డి.ఏ.పి. బస్తా యొకటి వేసినచో 23 కిలోల భాస్వరము, దానితోపాటు 9 కిలోల నత్రజని కూడ పడును. ఇంక కావలసిన నత్రజని 31 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని యుండును గనుక ఒకటిన్నర బస్తా చాలును. ఈ లెక్క చూడక డి.ఏ.పి.లోని నత్రజనిని విడిచిన రైతు రెండు బస్తాల యూరియా వేయును. అర బస్తా సొమ్ము పోవుటయే గాక పైరు అతిగా పచ్చబడి, మెత్తబడి, పురుగులకు తెగుళ్లకు లోనగును.

పురుగుమందుల కరపత్రములలో మోతాదు తఱచుగా హెక్టారునకు వ్రాయుదురు. హెక్టారనగా సుమారు 2.47 ఎకరములు. హెక్టారునకు 500 మిల్లీలీటర్లు అని యున్నచో ఎకరమునకు సుమారు 200 మిల్లీలీటర్లు చాలును. హెక్టారను మాటను ఎకరముగా చదివినవాడు రెండున్నర రెట్లు మందు చల్లును. దానివలన సొమ్ము, మిత్రపురుగులు, మందు చల్లువాని ఆరోగ్యము, మూడును చెడును.

గుర్తులును రంగులును

వ్రాతవలెనే గుర్తులును రంగులును చదువదగినవే. 1971 నాటి పురుగుమందుల నియమముల ప్రకారము ప్రతి డబ్బాపై మూలమీద నిలిపిన చదరపు గుర్తు కలదు. దాని క్రింది సగములోని రంగు విషము తీవ్రతను తెలుపును. ఎఱుపు అత్యంత విషపూరితము. దానిపై పుఱ్ఱె, ఎముకల బొమ్మ కూడ నుండును. పసుపు మిక్కిలి విషపూరితము, నీలము మధ్యరకము, ఆకుపచ్చ స్వల్ప విషము. ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలెను. ఆకుపచ్చ యనగా ప్రకృతిసిద్ధమైన మందనియు, హానిలేనిదనియు కొందఱు తలచుచున్నారు. ఆ గుర్తుపై "జాగ్రత్త" అను హెచ్చరిక యున్నది. అదియు విషమే, తక్కినవానితో పోల్చినచో తక్కువ విషము, అంతే. చేతులకు తొడుగు, ముక్కునకు గుడ్డ దానికిని కావలెను.

డబ్బాలోని కరపత్రమును పారవేయరాదు. నియమముల ప్రకారము అది హిందీ, ఇంగ్లీషులతోపాటు ప్రాంతీయ భాషలో కూడ నుండవలెను. విషము సోకినపుడు కనబడు లక్షణములు, చేయవలసిన ప్రథమ చికిత్స, విఱుగుడు అందులోనే యుండును. ఆపదలో రోగితోపాటు ఆ కరపత్రమునో, డబ్బానో వైద్యునియొద్దకు తీసుకొనిపోవలెను. ఏ మందు సోకినదో తెలిసినచో వైద్యుని పని సులభమగును.

విత్తనపు చీటీలకును రంగులు కలవు. బ్రీడరు విత్తనమునకు బంగారు పసుపు, ఫౌండేషను విత్తనమునకు తెలుపు, సర్టిఫైడు విత్తనమునకు నీలము. ట్రూత్‌ఫుల్ లేబులు విత్తనమునకు లేత ఆకుపచ్చ చీటీ యుండును. ఈ చివరి రెండింటికి గల భేదమును గ్రహింపవలెను. సర్టిఫైడు విత్తనమును ధ్రువీకరణ సంస్థవారు పొలములోను పరీక్షాలయములోను పరిశీలించి యుందురు. ట్రూత్‌ఫుల్ లేబులునందు గుణములను అమ్మువారే తమ బాధ్యతపై ప్రకటింతురు. రెండింటిపైనను మొలకశాతము, పరీక్ష జరిగిన తేదీ, చెల్లుబాటు తేదీ చూచుకొనవలెను. సర్టిఫైడు వరి విత్తనమునకు కనీస మొలకశాతము 80. "కనీసము" అను మాటను గమనింపుడు: నూఱు గింజలలో 80కి తక్కువ కాకుండ మొలవవలెనని అర్థము, నూఱును మొలచునని కాదు. చీటీని, రసీదును పంట ఇంటికి వచ్చువఱకు భద్రపఱుపవలెను. మొలక తప్పినపుడు రైతు పక్షమున సాక్ష్యము పలుకునవి అవియే.

సెల్‌ఫోను సందేశములను కూడ ఇట్లే చదువవలెను. ఖాతాలో "జమ" యైనదా, ఖాతానుండి "ఖర్చు" అయినదా యని చూచుటకు ఒక నిమిషము పట్టదు. ఇచ్చట ఒక్క సంగతి తెలిసియుండిన చాలును. ఫోను ద్వారా సొమ్ము పంపుటకే పిన్ నంబరు కావలెను. మనకు సొమ్ము వచ్చుటకు పిన్ నమోదు చేయ నక్కఱలేదు. "మీకు సొమ్ము పంపుచున్నాము, పిన్ నొక్కుడు" అని యెవరైన అన్నచో అది మన సొమ్మును లాగుటకే యని గ్రహింపవలెను.

చదువు పద్ధతి

అమెరికా దేశమున ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రాన్సిస్ రాబిన్‌సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1946లో ప్రకటించిన గ్రంథమున విద్యార్థులకై అయిదు మెట్ల పద్ధతిని చెప్పెను. అది నేటికిని వాడుకలో నున్నది. మన పనులకు దానిని ఈ విధముగా అన్వయించుకొనవచ్చును.

మొదటి మెట్టు, పైపై చూపు. పొలము కొనువాడు ముందుగా గట్టు వెంబడి ఒకసారి చుట్టి వచ్చినట్లు, కాగితమును మొదలునుండి చివఱవఱకు ఒకసారి చూడవలెను. ఎవరు వ్రాసిరి, ఎవరికి వ్రాసిరి, తేదీ యేది, ఎన్ని పుటలు, వెనుక వైపున ఏమైన వ్రాసియున్నదా యని చూడవలెను.

రెండవ మెట్టు, ప్రశ్న. "ఈ కాగితమునుండి నాకు తెలియవలసినదేమి?" అని చదువక ముందే అనుకొనవలెను. ప్రశ్న లేక చదివిన కన్ను, ఎర లేని గాలము వంటిది.

మూడవ మెట్టు, చదువు. తొందరపడక, వాక్యము వెంట వాక్యము చదువవలెను. వాక్యము పొడవుగా నున్నచో దానిని ముక్కలుగా విడదీయవలెను. తెలుగు వాక్యమున క్రియ చివఱ వచ్చును గనుక, మొదట ఆ క్రియను పట్టుకొని, "ఎవరు?", "దేనిని?", "ఎప్పుడు?" అని వెనుకకు వెదకికొనుచు పోవలెను.

నాలుగవ మెట్టు, అప్పగింత. కాగితము మూసి సొంత మాటలలో చెప్పవలెను. వినుటకు ఇంటిలోనివారిని కూర్చుండబెట్టుకొన్నచో మఱియు మంచిది.

అయిదవ మెట్టు, సరిచూచుట. కాగితము మరల తెఱచి, చెప్పినది సరియేనా యని పోల్చుకొనవలెను.

ఈ అయిదింటిలో జనులు విడిచిపెట్టునది నాలుగవ మెట్టు. ఫలమెక్కువగా నిచ్చునదియు అదియే. అమెరికా శాస్త్రజ్ఞులు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రకటించిన పరిశోధనలో ఒక వింత బయటపడెను. పాఠమును మరల మరల చదివినవారిని అయిదు నిమిషములకే అడిగినచో వారే మెఱుగుగా చెప్పిరి. కాని వారము గడచిన పిదప అడుగగా, చదివి పుస్తకము మూసి జ్ఞాపకమున్నదానిని వ్రాసి చూచుకొన్నవారే ఎక్కువ చెప్పగలిగిరి. మరల మరల చదువుటచేత వచ్చునట్లు తోచు జ్ఞానము త్వరగా ఎండిపోవు పైతడి వంటిది. అప్పగింతచేత వచ్చినది వేరువఱకు దిగిన పదును.

ఒక అభ్యాసము

ఈ క్రింద ఒక మాదిరి ప్రకటనను ఇచ్చుచున్నాము. ఇది అభ్యాసము కొఱకు మేము కల్పించినది మాత్రమే. సభ్యులు దీనిని ఒకసారి చదివి, ప్రశ్నలకు ఉత్తరములు చెప్పి, పిదప మా ఉత్తరములతో సరిచూచుకొనవలెను.

"సంఘమున 2 సంవత్సరముల సభ్యత్వము నిండి, గత సంవత్సరపు పంట ఋణమును మార్చి 31వ తేదీలోగా పూర్తిగా చెల్లించిన సభ్యులకు మాత్రము, ఎకరమునకు 1 బస్తా వంతున, గరిష్ఠముగా 5 బస్తాల వరి విత్తనము సగము వెలకు ఇవ్వబడును. దరఖాస్తులు జూన్ 10వ తేదీ సాయంకాలము 4 గంటలలోగా కార్యాలయమునకు చేరవలెను. కౌలుదార్లు కౌలు పత్రమును లేదా భూస్వామి అంగీకార పత్రమును దరఖాస్తుకు జతపఱుపవలెను. విత్తనము చాలనియెడల ముందుగా అందిన దరఖాస్తులకు ప్రాధాన్యమియ్యబడును."

ప్రశ్నలు: (1) 7 ఎకరముల రైతునకు ఎన్ని బస్తాలు దొరకును? (2) ఏప్రిల్ 2వ తేదీన బాకీ మొత్తము తీర్చిన సభ్యుడు అర్హుడా? (3) జూన్ 10వ తేదీ ఉదయమున తపాలాలో వేసిన దరఖాస్తు 11న చేరినచో చెల్లునా? (4) కౌలుదారు రెండు పత్రములును తేవలెనా? (5) జూన్ 9న దరఖాస్తు ఇచ్చిన అర్హునకు విత్తనము దొరకుట నిశ్చయమా? (6) రైతు తన వంతు సగము వెలను ఎప్పుడు కట్టవలెను?

ఉత్తరములు: (1) అయిదు, "గరిష్ఠముగా" అని యున్నది గనుక. (2) కాడు, "పూర్తిగా" అనునది నెఱవేరినను "లోగా" అనునది తప్పినది. (3) చెల్లదు, "పంపవలెను" అని గాక "చేరవలెను" అని యున్నది. (4) అక్కఱలేదు, "లేదా" యని యున్నది గనుక ఏదైన ఒకటి చాలును. (5) కాదు, విత్తనము చాలనిచో ముందు వచ్చినవారికే ప్రాధాన్యము. ఈ సంగతి వాక్యమున నేరుగా చెప్పబడలేదు. రెండు వాక్యములను కలిపి గ్రహింపవలసినది. (6) ప్రకటనలో లేదు.

ఆఱవ ప్రశ్నయే అన్నిటికంటె కష్టమైనది. "ఇచ్చునపుడే కట్టవలెను" అని కొందఱు, "పంట వచ్చినపుడు" అని కొందఱు చెప్పుదురు. రెండును ఊహలే. కాగితములో ఉన్నదానిని, దానినుండి న్యాయముగా తేలుదానిని, అసలు లేనిదానిని వేఱుచేసి చూచుటయే గ్రహింపునకు కొలత. లేనిదానిని మన కోరికతో నింపుకొనుటచేతనే పెక్కు తగవులు పుట్టుచున్నవి.

పరీక్షలకు పోవువారికి

మన పిల్లలు వ్రాయు పదవ తరగతి తెలుగు ప్రశ్నపత్రములో "అవగాహన - ప్రతిస్పందన" అను భాగము కలదు. ఉద్యోగ పరీక్షలలోను గద్యభాగమునిచ్చి ప్రశ్నలడుగుట కలదు. అచ్చట కావలసినది పై అభ్యాసములో చేసిన పనియే. ముందుగా ప్రశ్నలను ఒకసారి చూచి, పిదప గద్యమును చదువవలెను. ప్రతి పేరా చదివిన తరువాత "ఇందులో చెప్పినదేమి?" అని ఒక్క వాక్యములో మనస్సున అనుకొనవలెను. ఉత్తరమునకు ఆధారమైన మాటను గద్యములో వ్రేలితో చూపగలుగవలెను. చూపలేని ఉత్తరము ఊహ. తమకు ముందే తెలిసిన సంగతిని వ్రాయుటకు ఆశపడరాదు. అడిగినది ఆ గద్యములో నున్నదానినే. ప్రశ్నలోని "కానిది ఏది?", "తప్ప" అను మాటలను చూడక మార్కులు పోగొట్టుకొనువారు పెక్కుమంది. తెలియని మాట యెదురైనచో అచ్చటనే నిలిచిపోక, ముందు వెనుకల వాక్యములనుండి దాని అర్థమును ఊహించి సాగిపోవలెను.

ఈ శక్తి పరీక్షకు ముందు నెల దినములలో వచ్చునది కాదు. దినమునకు పావుగంట వార్తాపత్రికలోని ఒక వ్యాసమును చదివి, దానిని నాలుగు వాక్యములలో వ్రాయు అలవాటు చాలును. పిల్లలచేత ఎరువు బస్తాపై వ్రాతను, సంఘపు ప్రకటనను చదివించి, అర్థమును తల్లిదండ్రులకు చెప్పించుట రెండు విధముల లాభము: పిల్లవాని చదువు పదునెక్కును, పెద్దల పని జరుగును.

కొలువులలో నున్నవారికి

సంఘ కార్యాలయమునగాని, గోదామునగాని, మఱి యే కొలువునగాని చేరినవారు పై నుండి వచ్చు ఉత్తరువును చదివిన వెంటనే మూడు సంగతులు ఒక చీటీపై వ్రాసికొనవలెను: చేయవలసిన పని, చేయవలసినవారు, గడువు. పాత ఉత్తరువును మార్చుచు క్రొత్తది వచ్చినపుడు, రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి ఏది మాఱినదో, ఏది మాఱలేదో చూచుకొనవలెను. సందేహమున్నచో పై వారికి, "మేము ఈ విధముగా గ్రహించితిమి, సరియేనా?" అని వ్రాయుట అవమానము కాదు, బాధ్యత తెలిసినవాని లక్షణము. సర్వసభ్య సమావేశపు తీర్మానమును మినిట్సు పుస్తకమున వ్రాసిన పిదప సభ్యులకు చదివి వినిపించి, "మీకు అర్థమైనదా?" అని గాక, "మనమేమి తీర్మానించితిమి?" అని అడుగవలెను. మొదటి ప్రశ్నకు అందఱును తల యూపుదురు. రెండవ ప్రశ్నకు గ్రహించినవారే ఉత్తరము చెప్పగలరు.

సంఘములకు మనవి

సభ్యులలో చదువురానివారు, చూపు మందగించినవారు ఇంకను కలరు. వారికి అప్పు బాండును చదివి వినిపించుట సంఘముయొక్క ధర్మము. చదువువాడు అయిదు ప్రశ్నలకును ఉత్తరము చెప్పి, వినినవానిచేత తిరిగి చెప్పించి, ఆ పిమ్మటనే వేలిముద్ర తీసికొనవలెను. ఖాళీ ఫారముపై సంతకమును సభ్యుడు చేయరాదు, సంఘము తీసికొనరాదు. సంతకము చేసిన ప్రతి పత్రమునకు నకలు అడిగి తీసికొనుట సభ్యుని పని. చదివి తెలిసికొనియే సంతకము చేసితినని పత్రములలో తఱచుగా వ్రాసియే యుండును. పిదప "నేను చదువలేదు" అన్నచో ఆ మాట సాధారణముగా నిలువదు.

నెలకొకసారి సంఘ కార్యాలయమున ఒక గంటసేపు చదువు కూటము జరుపుట మేలు. ఆ నెలలో వచ్చిన ప్రకటననో, క్రొత్త మందు కరపత్రమునో ఒకరు చదువవలెను. మఱియొకరు దానిని వాడుక మాటలలో చెప్పవలెను. తక్కినవారు అయిదు ప్రశ్నలు వేయవలెను. దీనికి సొమ్ము ఖర్చు లేదు; కావలసినది ఒక దీపము, ఒక చాప, కొంత ఓపిక. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుటకంటె సంతకమునకు ముందు పది నిమిషములు నిలుచుట మేలని మేము చెప్పనక్కఱలేదు. వచ్చు కారునకు విత్తనము, ఎరువు, అప్పు తీసుకొనబోవు సభ్యులు తమ చేతికి వచ్చు మొదటి కాగితముతోనే ఈ పద్ధతిని ఆరంభింతురుగాక.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు